గంబో వండిన మనిషి

చనిపోయిన మనిషి గురించి అబద్ధం చెప్పడం మర్యాద అని ఎవరు నేర్పారో నాకు తెలియదు. మా ఇంట్లో నేర్పలేదు.

పోయిన శుక్రవారం ఇక్కడ, మేమంతా పనికొచ్చిన ఈ అరబ్బు దేశంలో, జింజ్‌లో ఒక ఫ్లాట్‌లో ఆవిడ కోసం సంతాప సభ పెట్టారు. ఆవిడ పోయింది ఇక్కడ కాదు, గోదావరి పక్కన కూతురి ఇంట్లో, జ్వరంతో. కబురు తెలిసి, ఇక్కడ ఆవిడతో కలిసి ఇళ్ళల్లో పనిచేసిన ఆడవాళ్ళూ, ఆవిడ చేతి వంట తిన్నవాళ్ళూ చేరారు. మనవాళ్ళందరూ పెద్దాయన అని పిలిచే ఒకాయన ముందుగా లేచి మాట్లాడాడు. “పాపం, నోరు లేని మనిషి. ఎవరి జోలికీ వెళ్ళేది కాదు” అన్నాడు. అందరూ తలలూపారు. ఆ తర్వాత టీ తాగుతూ పక్కనున్నవాడితో గొంతు తగ్గించి, “ఆ రోజు ఒక్క సారీ చెప్పేసి ఉంటే హాయిగా ఇక్కడే ఉండేది. అహంకారం!” అన్నాడు. రెండు మాటలూ ఒకే నోటి నుంచి, ఒక గ్లాసు టీ పూర్తయ్యేలోపు.

నేను నా గ్లాసు కిటికీలో పెట్టేసి బయటికి వచ్చేశాను. అప్పుడు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నోరు లేని మనిషట!

జిదాఫ్స్ బజారులో ఒక వంటపాత్రల దుకాణంలో నేను కౌంటరు చూస్తాను. దుకాణం నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, మా కఫీల్‌ది. మా తాతగారి కాలంలో చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా వంటకి గుండిగలు, గంగాళాలు మా ఇంటి నుంచే వెళ్ళేవి. అడిగినవాళ్ళకి లేదనడం గానీ, తిరిగి వచ్చాక సరిచూసుకోవడం గానీ మా ఇంట ఉండేది కాదు. ఆ ఇత్తడంతా చివరికి తూకానికి వెళ్ళిపోయింది. తర్వాత ఇల్లూ వెళ్ళిపోయింది. ఇంటిపేరు నాతో మిగిలింది. నేనిక్కడ అల్యూమినియం అమ్ముతాను. అమ్ముతున్నంత మాత్రాన కౌంటరు మీదికి వంగి ఎవరికీ సలాములు కొట్టను. మా కఫీల్‌కి మొదట్లో అది కష్టంగా ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది.

ఆవిడ దుకాణానికి మొదటిసారి వచ్చిన రోజు నా తెలుగు విని, “ఏ ఊరండీ తమది?” అని అడిగింది. చెప్పాను. ఇంటిపేరు కూడా చెప్పాను. ఆవిడ పుట్టిల్లు మా ఊరికి కాలవ అవతలే. నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. అయ్యో పాపం అంటుందేమోనని నేను మనసు గట్టి చేసుకున్నాను. ఎందుకంటే ఆ మాట ఈ దేశంలో చాలామంది అన్నారు, విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండింది.

ఆవిడ అనలేదు. “ఓహో, గుండిగలోరా! మా పెళ్ళికి మీ గుండిగలే ఒచ్చాయండి. అందులో ఒకదానికి అడుగు సొట్ట. అన్నం మాడిపోయింది. మా అత్త ఇప్పటికీ దెప్పుతాది” అంది.

ఇంత బతుకు బతికిన ఇంటి గురించి ఆవిడకి గుర్తున్నది ఆ సొట్ట! ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

అప్పటినుంచీ ఆవిడ నన్ను బాబుగారూ అనేది. ఆ పిలుపులో గౌరవం ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో నేను ఏనాడూ విడదీయలేకపోయాను.

బుదయ్యా రోడ్డు మీద ఒక విల్లాలో, అమెరికన్ దంపతుల ఇంట్లో ఆవిడ వంటమనిషి. సెలవు దొరికినప్పుడల్లా మా దుకాణానికి వచ్చేది, కొనేది ఉన్నా లేకపోయినా. చెప్పులు గుమ్మం బయట విడిచేది. విడవక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. “తినే గిన్నెలున్న సోటండి” అనేది. నడవలో నేల మీదే చతికిలబడి, గిన్నెని ఒళ్ళో బోర్లించుకుని వేలి కణుపులతో అడుగు మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. తర్వాత అరచెయ్యి లోపల పెట్టి చుట్టూ తిప్పేది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. నచ్చకపోతే దాన్ని నేల మీద బోర్లించేసేది. అదే ఆవిడ తీర్పు. ఆవిడ వెళ్ళేసరికి నడవ పొడుగునా వరసగా గిన్నెలు బోర్లా పడుకుని ఉండేవి. కొనడానికి వచ్చినవాళ్ళు వాటిని చూసి, వీటికేదో లోపం ఉందనుకుని ముట్టుకునేవాళ్ళు కాదు. మళ్ళీ అవన్నీ సర్దుకోవడం నా వంతు.

ఒకసారి మామీర్ కూలీల క్యాంపు నుంచి జగిత్యాల వైపు కుర్రవాడొకడు వచ్చాడు.

“అన్నా, మా రూముల ఎనిమిది మందిమున్నం. అన్నం గిన్నె గావాలె. అగ్గువది సూపియ్యి” అన్నాడు.

నేను అల్యూమినియం డేగిసా ఒకటి తీసేలోపే ఆవిడ నేల మీదినుంచి, “అది ఒద్దు తమ్ముడూ. పల్చన. రెండు నెలలకి సిల్లు పడతాది” అంది.

వాడు ఆవిడ వైపు వింతగా చూశాడు. “నువ్వు గీ దుకాన్ల పనిజేస్తవా అక్కా?”

“దుకాణం ఈయనది. గిన్నెల సంగతి నాది.”

“మరి ఈయినెకు ఎర్కలేదా?”

“ఆయన గొప్పింటి బిడ్డ. ఆయనెప్పుడు ఒండాడు, తెలవడానికి?”

వాడు పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. వాడు ఆవిడ చూపించిన గిన్నె కొనుక్కుని, “సరే మరి, ఖలాస్. పోతున్న అక్కా” అని ఆవిడకే చెప్పి వెళ్ళాడు. నా వైపు తల కూడా తిప్పలేదు.

ఇదీ ఆ నోరు లేని మనిషి.

ఒకరోజు ఎండ మండిపోతున్న వేళ చెమటలు తుడుచుకుంటూ వచ్చి, “బాబుగారూ, ఆళ్ళకీ ఉందండి బెండకాయ పులుసు!” అంది, ఏదో దొంగతనం పట్టుకున్నట్టు.

అమెరికాలో లూసియానా అనే చోట వండుతారట. పేరు గంబో. విల్లా యజమానిది ఆ ఊరే. ఆయన తల్లి వండే గంబో కోసం ఆయన చిన్నపిల్లాడిలా బెంగపెట్టుకుంటాడట. భార్యది వేరే ప్రాంతం, ఆవిడకి అది కుదరదు. రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ మాడబెట్టింది. రానున్న శుక్రవారం ఇంటికి అతిథులు వస్తున్నారు. ఈసారి వంటమనిషిని చెయ్యమంది. కావలసిన గిన్నె కూడా చూసి తెచ్చుకోమంది. “కుదిరితే ఉంచుతాదంట. లేపోతే వేరే మనిషిని పెట్టుకుంటాదంట” అంది ఆవిడ, మామూలు సంగతి చెప్పినట్టు. ఆవిడ వీసా ఆ ఇంటి మీద ఉంది. ఆ ఇల్లు పోతే విమానం ఎక్కడమే.

“కుదరకపోతే?” అన్నాను.

“కుదరకపోడం ఏటండీ?”

ఎలా వండాలో యజమాని చెప్పగా విని వచ్చింది. అదంతా నాకు చెప్పింది. ముందు నూనెలో మైదాపిండి వేసి, చేయి ఆపకుండా సన్నటి సెగ మీద దాదాపు గంటసేపు వేయించాలి. అది బెల్లం రంగు దాటి కాఫీగింజ రంగుకి రావాలి. ఒక్క చుక్క మాడినా మొత్తం పారబోసుకోవాలి. తర్వాత ఉల్లిపాయ, క్యాప్సికం, ఏదో ఆకుకాడ. ఆపైన రొయ్య తలకాయలు కాచిన నీళ్ళు. అది చిక్కబడ్డాక బెండకాయ, పీతలు, చివర్లో రొయ్యలు.

నేను కౌంటరు దిగి వచ్చాను. గిన్నెల గురించి నాకేమీ తెలియదని అన్న మనిషికి నాకూ తెలుసునని చూపించాలని గట్టిగా ఉంది. అల్యూమినియం పనికిరాదు, పిండి ఒకచోట మాడి ఒకచోట పచ్చిగా ఉంటుంది. నాన్‌స్టిక్ అంతసేపు ఉత్త నూనె సెగకి నిలవదు. ఉత్త ఇనుమైతే పిండి చక్కగా వేగుతుంది గానీ బెండకాయ నల్లబడిపోతుంది. ఇవన్నీ చెప్పి, పై అరలోంచి పింగాణీ పూత వేసిన ఇనప గిన్నె దించాను. రెండు చేతులతో గానీ లేవదు. లోపల తెల్లగా ఉంటుంది. గరిటె అంచులదాకా తిరగడానికి వెడల్పు ఉంది, పులుసు చిందకుండా లోతు ఉంది.

ఆవిడ కణుపుతో కొట్టింది. చెవి పెట్టింది.

“మూగది” అంది. బోర్లించేసింది.

“మరి దేంట్లో వండుతావు?”

“పులుసు దేంట్లో ఒండుతారండీ? రాచ్చిప్పలో.”

ఊరినుంచి వచ్చేటప్పుడు ఆ రాతిగిన్నెని చీరల మధ్య చుట్టి చేతిసంచిలో మోసుకొచ్చిందట. పులుసు రాచ్చిప్పలో కాస్తే దాని రుచి వేరని నాకూ తెలుసు. దించాక కూడా కుతకుత ఉడుకుతూనే ఉంటుంది. కానీ మా ఇంట్లో రాచ్చిప్పలో పోపు కూడా పెట్టేవారు కాదు.

“రాయి పగులుతుంది” అన్నాను. “ఉత్త నూనె పిండితో గంటసేపు కాలాక నీళ్ళు పోస్తే నిలవదు. అది పులుసు కాదమ్మా, ముందు వేపుడు, ఆ తర్వాత పులుసు.”

“బెండకాయ ఏస్తారా, లేదా?”

“వేస్తారు.”

“రొయ్యలు?”

“వేస్తారు.”

“అన్నంలో తింటారా?”

“తింటారు.”

“పులుసేనండి” అని లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

బుధవారం నాడు మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చోలేదు. సంచిలోంచి రాచ్చిప్ప ముక్క ఒకటి తీసి కౌంటరు మీద పెట్టింది. సగానికి నిలువుగా విచ్చింది. ముందుగా ఒకసారి చేసి చూద్దామని మొదలుపెట్టిందట. పిండి రంగు తిరిగింది, మొదటి గిన్నెడు నీళ్ళు పోసింది, టప్ మని శబ్దం. నూనె, పిండి అంతా పొయ్యి మీద పరుచుకుందట. చెయ్యి కాలింది. మణికట్టు మీద బొబ్బ ఉంది.

నేను ముందే చెప్పానని అనవలసిన అవసరం లేదనుకున్నాను.

“ఈ రాయి మంచిది కాదండి” అంది ఆవిడ. “మా ఆడపడుచు కొంది. దానికి రాయి తెలవదు.”

తిన్నగా వెళ్ళి, పై అర వైపు వేలు చూపించింది. నేను పింగాణీ గిన్నె దించాను. ఈసారి చెవి పెట్టలేదు. మూత తీసి, లోపలి తెలుపులో తన అరచేతిని పెట్టి రంగు చూసుకుంది. “లోపల తెల్లగా ఉంటే పిండి ఏ రంగుకొచ్చిందో తెలుస్తాది” అంది. తర్వాత నా వైపు తిరిగి, “ఇది మొన్నే సూపించుంటే పోయేది కదండీ బాబుగారూ, నా సిప్ప మిగిలేది!” అని నన్నే తప్పుపట్టింది.

నా జీవితంలో అంత కోపం దిగమింగిన సందర్భాలు తక్కువ.

శుక్రవారం మధ్యాహ్నం ఫోను. దుకాణంలో కట్టినప్పుడు వేరే కొలత మూత పెట్టేశారట, సరిపడే మూత వెంటనే కావాలని కేకలు. నేనే తీసుకుని వెళ్ళాను. వంటింటి వైపు తలుపు తీసింది. ఇల్లంతా వేగిన పిండి వాసన, రొయ్యల వాసన. ఆవిడ ముఖం పొయ్యి వేడికి ఎర్రబడి వెలిగిపోతోంది.

“పొద్దున సార్ ఒచ్చారండి వంటింట్లోకి” అంది, మూత అందుకుంటూ. “పిండి వేగుతుంటే పక్కనే నిలబడి సూశారు. పులుసు మరిగాక గరిటె నాకి, కళ్ళు మూసుకున్నారు. మా అమ్మ ఒంటలాగే ఉందన్నారు.”

గంబో గిన్నె అప్పటికే భోజనాల బల్ల మీదికి చేరింది. ఆవిడ మూత పెట్టడానికి లోపలికి వెళ్ళింది. వంటింటి గుమ్మంలోంచి నాకు బల్ల కనిపిస్తోంది. అతిథులు ఆరేడుగురు. నీళ్ళ జగ్గుకి ఆనించి ఒక ఫోను, అందులో తెల్లజుట్టు ముసలావిడ. యజమాని తల్లి. కొడుకు చెంచాతో చూపిస్తున్నాడు, ముసలావిడ అక్కడినుంచి నవ్వుతోంది. రంగు సరిగ్గా వచ్చిందే, ఎవరు చేశారు అని అడిగింది.

“నేనే, మమ్మా” అంది మేడమ్, ఆయన భార్య. “మొత్తానికి నేర్చుకున్నాను.”

అందరూ చప్పట్లు కొట్టారు. యజమాని కొట్టలేదు, కాదనలేదు. చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

ఆవిడ మూత చేతిలో పట్టుకుని బల్ల పక్కనే ఉంది. ఆ మాత్రం ఇంగ్లీషు ఆవిడకి వచ్చు. “నో మేడమ్. ఐ మేక్” అంది. గొంతు పెంచలేదు.

మేడమ్ నవ్వి, “అవును, తను సాయం చేసింది” అని అతిథులకి చెప్పింది.

“నో హెల్ప్. ఐ మేక్.” తర్వాత ఆవిడ యజమాని వైపు తిరిగింది. “సార్, యూ టెల్.”

ఆ మనిషి పళ్ళెంలోకి చూశాడు. ఇప్పుడివన్నీ ఎందుకు అన్నాడు. అని, ఇంకో చెంచా తిన్నాడు.

దాన్ని నేను క్షమించలేదు. అబద్ధం చెప్పినావిడ కంటే, నిజం రుచి చూస్తూ నోరు మూసుకున్నవాడి మీద నాకు ఎక్కువ అసహ్యం. మా ఇంట్లో పెళ్ళి వంట బాగుంటే మా తాతగారు వంటవాణ్ణి పందిట్లోకి పిలిపించి నలుగురి ముందు కండువా కప్పేవారు. అన్నీ పోగొట్టుకున్న ఇల్లే, కానీ చేసినవాడి పేరు దొంగిలించిన ఇల్లు కాదు. నేను గుమ్మం దాటి లోపలికి వెళ్ళి, ఇంగ్లీషులోనే, “వండింది ఈవిడే. గిన్నె అమ్మింది నేను. నాకు తెలుసు” అన్నాను.

ఈయనెవరు అంది మేడమ్.

ఆవిడ నా మీదికి తిరిగింది. ఆ చూపు ఎన్నాళ్ళైనా మరిచిపోను.

“మిమ్మల్ని ఎవరు పిలిసారండీ మధ్యలోకి? నా ఒంటకి నేను సెప్పుకోలేనా? మీ ఇంటి సిఫార్సు కావాలేటి నాకు?”

మూత గిన్నె మీద పెట్టింది, చప్పుడు కాకుండా. వంటింట్లోకి వచ్చి ఏప్రన్ విప్పి మడత పెట్టింది. అన్నం పొయ్యి కట్టేసింది. సామాన్ సర్దుకోవడానికి తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను అక్కడ నిలబడి ఉన్నానన్న సంగతే మరిచిపోయినట్టుంది. ఆ ఎండలో దుకాణం దాకా నా చెవులు మండుతూనే ఉన్నాయి. ఆవిడ మీద ఆ కోపం నాకిప్పటికీ ఉంది. చనిపోయింది కదా అని లేదని చెప్పను.

వారం తిరక్కుండా పెద్దాయన నన్ను జింజ్‌కి పిలిచాడు. ఆవిడ అప్పటికి ఆయన ఫ్లాట్‌లో తలదాచుకుంటోంది. మేడమ్ ఆయన ద్వారా కబురు పెట్టింది: అతిథుల ముందు జరిగినదానికి క్షమాపణ చెబితే పనిలో ఉంచుతుంది. పెద్దాయన ఎంతో నచ్చజెప్పాడు.

“ఒక్క మాట అమ్మా. సారీ అను. నోరు అరిగిపోతుందా?”

“ఏమని సెప్పాలండీ సారీ? ఒండలేదని సెప్పాలా?”

“వండావో లేదో ఎవడిక్కావాలి? నలుగురిలో ఆవిడ పరువు తీశావు. మనం ఇక్కడికి పరువు కోసం రాలేదు, పని కోసం వచ్చాం.”

“మీరు పరువు ఇంటికాడ దాసుకుని ఒచ్చారేమో. నేను కూడా తెచ్చుకున్నానండి.”

పెద్దాయన నా వైపు తిరిగాడు. “మీరు ఆ వైపువాళ్ళే కదా. మీరైనా చెప్పండి.”

“ఆవిడ చేసిన తప్పేమిటో ముందు మీరు చెప్పండి” అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుంది. ఆవిడ నన్ను ఓరగా చూసి, “ఈసారి పర్లేదు, బానే మాటాడారు” అంది. సర్టిఫికెట్ ఇచ్చినట్టు!

నెలాఖరుకి విమానం ఎక్కేసింది. నాకు చెప్పి వెళ్ళలేదు. ఊరు చేరాక ఫోన్ చేసి, అక్కడి స్టీలు సామాను ఎంత నాసిగా ఉందో చెప్పి పెట్టేసింది.

ఎండలు తగ్గాక ఒక సాయంత్రం మేడమ్ మా దుకాణానికి వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. ఈలోగా ఇద్దరు వంటమనుషులు మారారట. గిన్నె అదే, పొయ్యి అదే, గంబో మాత్రం రావడం లేదు. ఆయన రెండు ముద్దలు తిని లేచిపోతున్నాడు. ఆవిడ నంబరు ఉందా అని అడిగింది. మళ్ళీ పిలిపించుకుంటుందట, జీతం పెంచుతుందట, వీసా, టికెట్టు అన్నీ తనే చూసుకుంటుందట.

ఆవిడ కూతురి కుటుంబం అప్పట్లో ఇబ్బందిలో ఉందని నాకు తెలుసు. అందుకే ఫోన్ చేశాను. సంగతి చెప్పాను.

“మీరు సెప్పక్కర్లేదు బాబుగారూ. ఫోను ఆవిడకియ్యండి” అంది.

స్పీకరు నొక్కి మేడమ్ చేతికిచ్చాను. మేడమ్ అన్నీ చెప్పింది, బాగా చెప్పింది, ఎలా ఉన్నావని కూడా అడిగింది. అవతల ఆవిడ మధ్యలో మాట్లాడకుండా అంతా విని, ఒక్కటే అడిగింది.

“మేడమ్. దట్ ఫ్రైడే గంబో, హూ మేక్?”

దుకాణంలో ఇంకెవరో ఇద్దరు కుక్కర్లు చూస్తున్నారు. మేడమ్ వాళ్ళ వైపు చూసింది. నా వైపు చూసింది. పెదవులు కదిలాయి. “అదంతా ఇప్పుడెందుకు, ముందు నువ్వు రా” అంది. అవతల ఆవిడ తన ప్రశ్నకి జవాబు కోసం లైన్లోనే ఉంది. మేడమ్ ఫోను మెల్లగా కౌంటరు మీద పెట్టేసింది.

ఫోను తీసి, స్పీకరు ఆపి చెవి దగ్గర పెట్టుకున్నాను.

“ఇప్పటికైనా సెప్పిందాండీ?”

“లేదు.”

“అయితే పెట్టేయండి.”

పెట్టేశాను.